ఒక డాక్టర్ గ్లకోమా ఉందన్నారు, ఇంకో డాక్టర్ లేదన్నారు. ఎవరి మాట నమ్మాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ నాన్నగారికి 57 ఏళ్లు. అద్దాలు మార్పించుకుందామని వెళ్తే అక్కడి కంటి డాక్టర్ గ్లకోమా (కంటి నరం మెల్లగా దెబ్బతిని చూపు పోయే జబ్బు) మొదలైందనీ, ఇక జీవితాంతం చుక్కల మందు వేసుకోవాలనీ చెప్పారు. మీకు నమ్మకం కుదరక రెండు వారాల తర్వాత ఇంకో డాక్టర్‌కి చూపిస్తే, కంటి లోపలి ప్రెషర్ 17 ఉంది, ఏమీ లేదు, మందు ఆపేయండి అన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. అసలు గ్లకోమా విషయంలో కంటి డాక్టర్ల మాటను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది మీ ప్రశ్న.

నేను ఆప్టోమెట్రిస్ట్‌ని. గుంటూరు జిల్లాలో ఒక కంటి ఆసుపత్రి గ్లకోమా విభాగంలో ప్రెషర్ చూడడం, పక్క చూపు కొలిచే ఫీల్డ్ టెస్టులు చేయించడం, నరాల పొర మందం కొలిచే ఓసీటీ స్కాన్లు తీయడం నా పని. జబ్బు తేల్చేదీ, మందు రాసేదీ డాక్టరుగారు. ఆయన తేల్చడానికి కావలసిన కొలతలు తీసేది మాలాంటివాళ్లం. ఆ కొలతలు ఎక్కడ గట్టిగా నిలబడతాయో, ఎక్కడ తడబడతాయో రోజూ కళ్లారా చూస్తుంటాను కాబట్టి రాస్తున్నాను.

ముదిరిన గ్లకోమాను గుర్తుపట్టడం అనుభవమున్న డాక్టరుకి పెద్ద కష్టం కాదు. కంటి పాప పెద్దదయ్యే చుక్క వేసి కంటి నరం చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. చిక్కంతా మొదటి దశలోనే. ఆ దశలో ఒక్కరోజు చూసి ఉందని చెప్పినా, లేదని చెప్పినా ఆ మాటను సగం మాటగానే తీసుకోవాలి. మీ ఇద్దరు డాక్టర్లూ తమకు కనిపించినదాన్ని బట్టి నిజాయితీగానే చెప్పి ఉండవచ్చు. ఎవరికి ఏం కనిపించింది, ఎవరు ఏ పరీక్ష చేశారు అన్నదాని మీదే అంతా ఉంది. కాబట్టి డాక్టరు పేరును బట్టి కాకుండా ఫైలులో ఏముందో దాన్ని బట్టి చూడండి.

అన్నిటికంటే ముందు ఒక్కటి అడుగుతాను. రెండో డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి నాన్నగారు మొదటి డాక్టర్ ఇచ్చిన చుక్కలు వేసుకుంటున్నారా? రెండు వారాల తేడా అన్నారు కాబట్టి వేసుకుంటూనే ఉండి ఉంటారు. లాటనోప్రోస్ట్ రకం మందు అయితే ప్రెషర్‌ని పాతిక శాతం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే దించుతుంది. ఆపేశాక కూడా దాని ప్రభావం పూర్తిగా పోవడానికి నాలుగు వారాల దాకా పడుతుంది. అంటే ఆ 17 మందు మీద వచ్చిన 17 కావచ్చు. మందు మొదలుపెట్టక ముందు ప్రెషర్ ఎంత ఉందన్నది మొదటి ఫైలులో ఉంటుంది. ఆ అంకె చెప్పకుండా, వాడుతున్న మందు పేరు చెప్పకుండా రెండో డాక్టర్ దగ్గర కూర్చుంటే ఆయన మాత్రం ఏం చెప్తారు? సెకండ్ ఒపీనియన్‌కి వచ్చే చాలామంది మొదటి ఫైలు దాచిపెడతారు, కొత్త డాక్టర్ ఏమంటారో చూద్దామని. గ్లకోమాలో ఆ పని అస్సలు చేయకండి.

ఆ 17 మందు లేకుండా వచ్చినదే అయినా, దాన్నిబట్టి జబ్బు లేదని తేలదు. ప్రెషర్ 21 దాటకూడదనే హద్దు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కొలతల సగటు నుంచి లెక్కగట్టి గీసిన గీత. అది దాటితే జబ్బు, దాటకపోతే ఆరోగ్యం అని శరీరం ఎక్కడా రాసివ్వలేదు. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్లు 1996లో మొదలుపెట్టిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వేలో హైదరాబాద్ నగర ఫలితాలు 2000లో వచ్చాయి. అందులో ఓపెన్ యాంగిల్ గ్లకోమా (కంట్లో నీరు బయటికి పోయే మూల తెరిచి ఉన్నా వచ్చే రకం) ఖాయంగా ఉన్నట్టు తేలిన 27 మందిలో 18 మందికి ప్రెషర్ 22 కన్నా తక్కువే. అంతకుముందే తమకు జబ్బుందని తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ప్రెషర్ ఒక్కటే చూసి పంపేస్తే మన ఊళ్లలో ఎంతమంది జారిపోతారో ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది.

ఎదురు సంగతి కూడా ఉంది. ప్రెషర్ ఎక్కువ ఉన్నవాళ్లందరికీ గ్లకోమా రాదు. అమెరికాలో ప్రెషర్ 24 నుంచి 32 మధ్య ఉండి నరం, ఫీల్డ్ బాగున్న 1,636 మందిని ఏళ్ల తరబడి గమనించారు. మందు వేయనివాళ్లలో అయిదేళ్లకు గ్లకోమా వచ్చింది 9.5 శాతం మందికి, మందు వేసినవాళ్లలో 4.4 శాతానికి. మందు సగానికి సగం కాపాడింది, నిజమే. మందు లేకుండా కూడా నూటికి తొంభై మంది ఆ అయిదేళ్లు బాగానే ఉన్నారన్నదీ అంతే నిజం. పాతికకు పైన ప్రెషర్ చూసి ఒక డాక్టర్ మందు మొదలుపెడదామంటే, ఇంకొకరు కొన్నాళ్లు చూద్దామంటే, ఇద్దరి వెనకా ఉన్నది ఇదే పరిశోధన.

కొలవడంలోనూ తేడాలొస్తాయి. అద్దాల షాపుల్లో ఉండే గాలి ఊదే మెషిన్ తొలి అంచనాకి పనికొస్తుంది, అంతకు మించి కాదు. నమ్మదగినది గోల్డ్‌మన్ పద్ధతి. కంటికి మొద్దుబార్చే చుక్క, పసుపు రంగు వేసి, నీలం వెలుతురులో చిన్న మొనను నల్లగుడ్డు మీద ఆనిస్తాం. మాకు రెండు ఆకుపచ్చ అర్ధచంద్రాలు కనిపిస్తాయి. వాటి లోపలి అంచులు ఒకదానికొకటి సరిగ్గా తాకేదాకా చక్రం తిప్పి అంకె చదువుతాం. ఆ కాసేపట్లో మనిషి భయంతో ఊపిరి బిగపట్టినా, రెప్పలు గట్టిగా బిగించినా, చొక్కా కాలర్ మెడకు పట్టేసినా అంకె పైకి పోతుంది. అందుకే బొత్తాం విప్పమంటాం, మామూలుగా ఊపిరి తీసుకోమంటాం. రద్దీగా ఉన్న ఓపీలో ఈ ఓపిక అన్నిసార్లూ ఉండదు. ఇక కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) మందం 520 మైక్రాన్ల దగ్గర ఉంటుందన్న లెక్క మీద ఈ పద్ధతి నడుస్తుంది. పొర పల్చగా ఉన్నవాళ్లకు, అద్దాలు వదిలించుకోవడానికి లాసిక్ లేజర్ చేయించుకున్నవాళ్లకు అసలు ప్రెషర్ కన్నా తక్కువ చూపిస్తుంది. పైగా ప్రెషర్ పగలంతా ఒకేలా ఉండదు. పొద్దున 24 ఉన్నవాళ్లకు సాయంత్రం 18 రావడం నేను చాలాసార్లు చూశాను.

ఇక నరం. కంటి వెనక నరం బయటికి వెళ్లే చోటును డిస్క్ అంటారు. పళ్లెం మధ్యలో గుంటలా అందులో ఒక పల్లం ఉంటుంది, దాన్ని కప్ అంటారు. గ్లకోమాలో నరాల పోగులు చచ్చిపోయేకొద్దీ ఆ గుంట పెద్దదవుతుంది. ఫైలులో 0.5, 0.7 అని రాసేది ఆ నిష్పత్తే. అది కంటితో చూసి అంచనా వేసి రాసే అంకె. ఒకే కన్ను చూసి ఒక డాక్టర్ 0.5 అని, ఇంకొకరు 0.6 అని, 0.7 అని రాయడం మామూలే. పుట్టుకతో డిస్క్ పెద్దగా ఉన్నవాళ్లకు గుంట కూడా పెద్దగా ఉంటుంది, అది జబ్బు కాదు. చిన్న డిస్క్ ఉన్నవాళ్లకు గుంట చిన్నగానే కనిపిస్తూ లోపల జబ్బు దాక్కుని ఉండవచ్చు. మైనస్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్లకు డిస్క్ వాలిపోయి ఉంటుంది, అనుభవమున్నవాళ్లు కూడా అక్కడ తటపటాయిస్తారు.

దీన్ని యూరప్‌లో పెద్ద ఎత్తున పరీక్షించారు. 11 దేశాల్లో 243 మంది కంటి డాక్టర్లకు డిస్క్ ఫొటోలు ఇచ్చి ఏది గ్లకోమా, ఏది కాదు చెప్పమన్నారు. 2010లో వచ్చిన ఫలితం ప్రకారం సగటున 80.5 శాతం సరిగ్గా చెప్పారు. అంటే అయిదు కళ్లలో ఒకటి తప్పింది. ఇది డాక్టర్లను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. వాళ్ల చేతిలో ఉన్నది ఫొటో ఒక్కటే. ప్రెషర్ లేదు, ఫీల్డ్ లేదు, ఇంట్లో ఎవరికైనా ఉందా అన్నది తెలియదు, పాత రికార్డు లేదు. ఎంత మంచి డాక్టర్‌కైనా నరం ఒక్కటే చూపిస్తే ఇంతే. అవన్నీ చేతికిస్తే ఆయన మాటకు బలం వస్తుంది.

ఇప్పుడు నా పనిలో ఎక్కువ భాగమైన ఫీల్డ్ టెస్ట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, సరిదిద్దడం తేలికైనదీ ఇక్కడే.

ఒక కన్ను మూసి, గడ్డం ఆనించి, తెల్లటి గిన్నెలాంటి మెషిన్ లోపల మధ్యలో ఉన్న దీపాన్నే చూస్తుండాలి. చుట్టూ ఎక్కడైనా చుక్క వెలిగినట్టు అనిపిస్తే చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. కొన్ని చుక్కలు కావాలనే కనపడీ కనపడనంత మసకగా వస్తాయి. ఎంత ఆరోగ్యమైన కన్నయినా వాటిలో చాలా చుక్కలు చూడలేదు. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే మనిషి గాభరాపడిపోతారు. ఆ మధ్య పొన్నూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఇంకో చోట చేయించిన ఫీల్డ్ కాగితం తెచ్చారు. ఆ కాగితంలో చూపంతా నల్లగా ఉంది, నాలుగు వైపులా నాలుగు తెల్లటి మచ్చలు మాత్రం మిగిలాయి. ఆయనేమో నడిచి వచ్చారు, గుమ్మం తగలకుండా కుర్చీలో కూర్చున్నారు. ఆ ఆకారం చూడగానే మాకు సంగతి అర్థమైపోతుంది. మెషిన్ మొట్టమొదట ఒక్కో వైపు ఒక్కో చుక్క చొప్పున నాలుగు చోట్ల పరీక్షిస్తుంది. ఆ నాలుగింటికీ ఆయన బాగానే నొక్కారు. ఆ తర్వాత అలసిపోయో, అర్థం కాకో వదిలేశారు. అడిగితే, "చుక్క గట్టిగా కనపడితేనే నొక్కాలేమో అనుకున్నానమ్మా" అన్నారు. పక్కన కూర్చుని, సగం చుక్కలు ఎవరికీ కనపడవు తాతగారూ, కనపడినట్టు అనిపిస్తే చాలు నొక్కేయండి, మధ్యలో కావాలంటే బటన్ పట్టి ఉంచితే మెషిన్ ఆగుతుంది, కాస్త సేదతీరండి అని చెప్పి మళ్లీ చేయించాను. ముక్కు వైపు పైభాగంలో చిన్న లోపం తప్ప మిగతా అంతా శుభ్రంగా వచ్చింది. ఆ చిన్న లోపం నిజమైనదే. ఆయన నరం కింది అంచులో పల్చబడిన చోటుకీ దానికీ సరిపోయింది. మొదటి కాగితం ప్రకారం పోయి ఉంటే ఆయన్ను చివరి దశ అనేవారు.

ఇందాక చెప్పిన అమెరికా పరిశోధనలోనే ఇంకో సంగతి తేలింది. మెషిన్ లెక్కప్రకారం నమ్మదగినవే అయి, లోపం చూపించిన ఫీల్డ్ టెస్టులను మళ్లీ చేయిస్తే 85.9 శాతం కేసుల్లో ఆ లోపం రెండోసారి కనిపించలేదు. నాకు తెలిసి గ్లకోమా గురించి పేషెంట్లకు చెప్పవలసిన అంకెల్లో ఇంతకంటే ముఖ్యమైనది లేదు. ఒక్క ఫీల్డ్ టెస్ట్ మీద ఎవరికీ జబ్బు ముద్ర వేయకూడదు. అదే చోట, అదే ఆకారంలో లోపం మళ్లీ రావాలి, నరంలో కనిపించే నష్టంతో అది సరిపోవాలి.

ఓసీటీ కాగితం పట్టుకుని భయంతో వచ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అందులో ఎర్రరంగు కనిపిస్తే గుండె ఆగినంత పనవుతుంది, నాకు తెలుసు. ఆ రంగు అర్థం ఒక్కటే. మెషిన్‌లో నిల్వ ఉన్న, మీ వయసు ఆరోగ్యవంతుల కొలతల కన్నా మీ నరాల పొర ఆ చోట పల్చగా ఉందని. మైనస్ 6 పవర్ ఉన్న మనిషికి జబ్బు లేకపోయినా ఎరుపు రావచ్చు. స్కాన్ నాణ్యత తక్కువగా ఉన్నా, కన్ను పొడిబారి ఉన్నా, శుక్లం ఉన్నా ఎరుపు రావచ్చు. పుట్టుకతో పొర మందంగా ఉన్న మనిషి దానిలో చాలా భాగం పోగొట్టుకుని కూడా ఆకుపచ్చలోనే ఉండవచ్చు. అందుకే మా డాక్టరుగారు రంగు చూడరు, స్కాన్ చిత్రంలో గీతలు పొరల మీద సరిగ్గా పడ్డాయా లేదా ముందు చూస్తారు. ఓసీటీ అసలు విలువ ఏడాది తర్వాత తెలుస్తుంది, అదే మెషిన్ మీద రెండో స్కాన్ తీసి పక్కపక్కన పెట్టినప్పుడు.

మన దగ్గర ఎక్కువగా వదిలేసే పరీక్ష గోనియోస్కోపీ. కంట్లో నీరు బయటికి పోయే మూలను, అంటే యాంగిల్‌ను, చిన్న అద్దాల లెన్స్ కంటికి ఆనించి చూస్తారు. గది చీకటి చేయాలి, సన్నని వెలుతురు కిరణం పాప మీద పడకుండా చూడాలి. వెలుతురు పడితే పాప ముడుచుకుని మూల తెరుచుకుంటుంది, మూసుకున్న యాంగిల్ కూడా తెరిచి ఉన్నట్టు మోసం చేస్తుంది. రెండు నిమిషాల పనే, కానీ చేయి తిరగాలి, ఓపిక కావాలి.

ఈ రెండు నిమిషాల విలువ మా మేనత్త విషయంలో తెలిసింది. సాయంత్రమయ్యేసరికి కనుబొమ పైన నొప్పి, వీధి లైటు చుట్టూ రంగుల వలయాలు. చాలాకాలం మైగ్రేన్ మాత్రలు వేసుకుంది. ఊళ్లో కంటి డాక్టర్‌కి చూపిస్తే పొద్దున పూట ప్రెషర్ 16, నరం బాగుంది, అద్దాలు మార్చుకోమన్నారు. ఆ వలయాల సంగతి నాతో ఫోన్లో మాటల్లో అన్నప్పుడు మా ఆసుపత్రికి రమ్మన్నాను. గోనియోలో రెండు కళ్లలోనూ యాంగిల్ చాలా మేర మూసుకుపోయి ఉంది. లేజర్‌తో ఐరిస్‌లో, అంటే పాప చుట్టూ ఉండే రంగు పొరలో, సన్న రంధ్రం చేశారు. సాయంత్రపు నొప్పి పోయింది. ఆవిడకు ప్రెషర్ చూశారు, నరం చూశారు, చూసినవి రెండూ సరిగ్గానే చూశారు. చూడని మూడోదాని దగ్గరే జబ్బు ఉంది. అలాగని యాంగిల్ సన్నగా ఉన్న ప్రతివాళ్లకూ లేజర్ అక్కర్లేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో, యాంగిల్ సన్నగా ఉందన్న అనుమానం తప్ప ఇంకేమీ లేనివాళ్లందరికీ లేజర్ చేయడం వల్ల పెద్ద లాభం లేదని తేల్చారు. కానీ యాంగిల్ ఎలా ఉందో తెలియకుండా గ్లకోమా ఉందనడం గానీ, లేదనడం గానీ సగం పరీక్షే.

కంటి క్యాంపుల గురించి కూడా ఒక మాట. ఇలాంటి శిబిరాల్లో ప్రధానంగా చూసేది చూపు, అద్దాలు, శుక్లం. అవి చాలా మంచి పని చేస్తాయి. కానీ "క్యాంపులో చూపించుకున్నాం, అంతా బాగుందన్నారు" అంటే గ్లకోమా లేదని అర్థం కాదు. ఎదురుగా ఉన్న అక్షరాలు చివరి వరుస దాకా చదివేవాళ్లకు కూడా పక్క చూపు పోయి ఉండవచ్చు.

ఇంగ్లండ్‌లో ఆప్టోమెట్రిస్ట్‌గా చేస్తున్న నా క్లాస్‌మేట్ చెప్పే సమస్య దీనికి ఎదురు. అక్కడ అద్దాల షాపుల్లోని ఆప్టోమెట్రిస్టులే ముందు గుర్తించి ఆసుపత్రికి పంపుతారు. 2009లో వచ్చిన మార్గదర్శకాల తర్వాత 21 దాటిన ప్రతివాళ్లనూ పంపడంతో ఆసుపత్రులు నిండిపోయాయి, వెళ్లినవాళ్లలో చాలామందికి జబ్బే లేదు. 2017లో ఆ హద్దును 24కి మార్చారు. అంతగా పద్ధతి ఉన్నచోటే ఇలా ఉంటే, ఒక చిన్న క్లినిక్‌లో ఒక సాయంత్రం చెప్పిన మాట మీద మీరు తలకిందులు కానక్కర్లేదు.

నాన్నగారి విషయంలో నేనైతే ఏం చేస్తానో చెప్తాను. రెండు ఫైళ్లూ పట్టుకుని గ్లకోమా ప్రత్యేకంగా చూసే మూడో డాక్టర్ దగ్గరికి వెళ్తాను. ఇద్దరిలో ఎవరు కరెక్ట్ అని అడగను. మందు లేనప్పటి ప్రెషర్, కార్నియా మందం, గోనియో, పాప పెద్దదయ్యే చుక్క వేసి చూసిన నరం, కనీసం రెండు ఫీల్డ్ టెస్టులు, ఒక ఓసీటీ, ఇవన్నీ ఫైలులో ఉన్నాయా అని చూసి, లేనివి చేయించమంటాను. గోనియో తర్వాతే పాప పెద్దదయ్యే చుక్క వేయించాలి, యాంగిల్ సన్నగా ఉంటే ఆ చుక్కే ప్రెషర్ పెంచవచ్చు. అలర్జీకో, దురదకో మెడికల్ షాపులో కొన్న చుక్కలు వాడుతున్నారేమో సీసా చూస్తాను, స్టెరాయిడ్ ఉంటే ప్రెషర్ పెరగడానికి అదే కారణం కావచ్చు. ఆస్తమా ఉంటే ముందే చెప్తాను, గ్లకోమాకు వాడే టిమోలాల్ చుక్కలు వాళ్లకు పనికిరావు.

మొదటి దశ గ్లకోమా సాధారణంగా నెమ్మదిగా నడుస్తుంది. ప్రెషర్ మరీ ఎక్కువ లేకపోతే, నరం బాగా దెబ్బతిని లేకపోతే, పరీక్షలు మళ్లీ చేయించి తేల్చుకోవడానికి కొన్ని వారాలు పట్టినా కంగారుపడనక్కర్లేదు. మందు వేసుకోవాలా ఆపాలా అన్నది మాత్రం మీ అంతట మీరు నిర్ణయించకండి, ఆ మూడో డాక్టర్‌కి ఈరోజే ఫోన్ చేసి అడగండి. ప్రెషర్ 30 దగ్గర ఉందని మొదటి ఫైలులో రాసి ఉంటే అసలు ఆలస్యం చేయవద్దు. కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పి, వాంతులు, చూపు మసక ఒకేసారి వస్తే అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

జబ్బు ఖాయమైతే నాన్నగారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మీరూ ఒకసారి చూపించుకోవాలి. రక్తసంబంధీకుల్లో ఇది వచ్చే అవకాశం మామూలువాళ్ల కన్నా చాలా ఎక్కువ.

వీలైతే పేరు, ఆసుపత్రి పేరు కనపడకుండా ఆయన ఫీల్డ్ టెస్ట్ కాగితం ఫొటో తీసి కింద పెట్టండి. జబ్బు ఉందో లేదో నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఆ టెస్ట్ సరిగ్గా వచ్చిందా, మళ్లీ చేయించాలా అన్నంతవరకు చూసి చెప్తాను.